పరంగి కాని పాదిరి



మేడ్చల్ బస్టాండు పక్కన చాయ్ కొట్టులో ఒక కొత్త మనిషి వచ్చి కూర్చున్నాడనుకోండి. పక్కవాడు అడిగే మొదటి ప్రశ్న ఏ ఊరు అని. రెండోది ఎవరి వాళ్లు అని. పేరు ఆ తరువాతే. శామీర్‌పేట చెరువు కట్ట మీద అయినా ఇంతే. ఆ మనిషి నోరు విప్పగానే యాసను బట్టి సగం లెక్క తేలిపోతుంది. గుంటూరు వైపు మనిషా, కరీంనగర్ వైపు మనిషా, బొల్లారంలో స్థిరపడిన తమిళుడా అని. పేరు రాయప్ప అనో ఇన్నయ్య అనో చెప్పాడా, మిగతా సగం లెక్క కూడా పూర్తవుతుంది. అతని మతం తెలుస్తుంది, కులం ఊహకు వస్తుంది. పాపం, అతను ఇంకా తను వచ్చిన పని చెప్పనే లేదు.

మనం చెప్పే మాట కంటే ముందు మనం ఎవరమన్నది అవతలి వారి చెవికి చేరుతుంది. ఈ చిక్కును నాలుగు వందల ఏళ్ల క్రితం ఎదుర్కొని, జీవితమంతా దానితోనే పెనుగులాడిన ఒక గురువు కథ ఈ వారం మీకు చెప్పదలచుకున్నాను. ఆయన పేరు రాబర్ట్ డి నోబిలి. మీలో పెద్దవారు తత్త్వబోధక స్వామి అన్న పేరు విని ఉంటారు.

కథకు ముందు ఒక మాట గురించి తెలుసుకోవాలి. మన తెలుగులో ఫిరంగి అంటే కోట మీద పేల్చే పెద్ద తుపాకి. కాని ఆ మాట మొదట తుపాకిది కాదు, మనుషులది. ఐరోపాలోని ఫ్రాంకులనే జాతి వారిని అరబ్బులు, పారసీకులు ఫరంగీ అన్నారు. పోర్చుగీసు వారు ఓడల మీద మన తీరానికి వచ్చినప్పుడు ఆ పేరు వారికి అంటుకుంది. తమిళ దేశంలో అది పరంగి అయింది. మన దగ్గర వారు తెచ్చిన తుపాకికే ఆ పేరు నిలిచిపోయింది.

నోబిలి 1577లో ఇటలీలో పెద్ద కుటుంబంలో పుట్టారు. పోపులూ కార్డినళ్లూ ఆయనకు బంధువర్గం. వేదపండితులుగా పేరు పొందిన కార్డినల్ బెల్లార్మిన్ గారు కూడా చుట్టమే. ఇంట్లో వారికి ఇష్టం లేకపోయినా 1597లో నేపుల్సులో యేసు సభలో చేరారు. 1605 మే నెలలో గోవాలో ఓడ దిగారు. కొచ్చి మీదుగా ముత్యాల తీరానికి వెళ్లి, అక్కడి పరవ జాలరుల మధ్య తమిళం మొదలుపెట్టారు. ఆ పరవలు 1530లలోనే జ్ఞానస్నానం పొందినవారు. పునీత ఫ్రాన్సిస్ శౌరివారు వారి మధ్య తిరిగి ఉపదేశించారు. 1606 నవంబరులో నోబిలి మధుర నగరం చేరారు.

మధుర అనగానే తమిళుల ఊరు, మనకేమి సంబంధం అనుకోకండి. అప్పుడు మధురను ఏలుతున్నది విజయనగరం నుంచి వెళ్లిన తెలుగు నాయకులు. సైన్యాధికారుల్లోనూ పండితుల్లోనూ తెలుగువారు ఎందరో ఉండేవారు. వీధిలో తమిళం, కొలువులో తెలుగు, మఠంలో సంస్కృతం వినిపించే పట్టణం అది. నోబిలి మూడూ నేర్చుకున్నారు. ఆయనకు సంస్కృతం చెప్పిన శివధర్ముడు మన తెలుగు బ్రాహ్మణుడే. ఈ గురువే తరువాత ఆ శిష్యుని దగ్గర జ్ఞానస్నానం పొందాడు.

ఆయన వచ్చేనాటికి మధురలో అప్పటికే ఒక గుడి, ఒక గురువు ఉన్నారు. గొంసాలో ఫెర్నాండెజ్ స్వామి పోర్చుగీసు వారు. ఒకప్పుడు సైనికులు. వయసు మీద పడినా ఓపికగా చిన్న బడి, వైద్యశాల నడుపుతూ, వ్యాపారం మీద మధురకు వచ్చే పరవలకు పూజ చేస్తూ పదేళ్లకు పైగా అక్కడే ఉన్నారు. మంచివారని ఊరంతా ఒప్పుకున్నది. కాని మధుర నగరవాసి ఒక్కడూ జ్ఞానస్నానానికి రాలేదు.

ఎందుకు రాలేదో నోబిలి ఆరా తీశారు. కారణం బోధలో లేదు. ఒక ప్రశ్నలో ఉంది. జ్ఞానస్నానానికి వచ్చినవారిని అప్పట్లో ఉపదేశులు తమిళంలో అడిగే ప్రశ్నకు అర్థం ఏమిటంటే, పరంగుల కులంలో చేరడం నీకు సమ్మతమేనా అని. క్రైస్తవుడవడమంటే పరంగి కావడమే అని అడిగేవారూ అనుకున్నారు, విన్నవారూ అనుకున్నారు. మధుర వారి దృష్టిలో పరంగి అంటే ఎవరు? గోమాంసం తినేవాడు, కల్లు సారాయి తాగేవాడు, సరిగా స్నానం చేయనివాడు, ఎవరితో పడితే వారితో కలిసి తినేవాడు. యేసు ప్రభువు పేరు ఎత్తక ముందే తలుపు మూసుకుపోయేది. ఫెర్నాండెజ్ స్వామికి ఈ సంగతి అన్నేళ్లూ తట్టలేదు. ఆయనకు పరంగి అనేది తన జాతి పేరు. అందులో సిగ్గుపడవలసినది ఏముంది?

ఆయనను తప్పుపట్టడానికి నాకు నోరు రాదు. ఎందుకో చెబుతాను. నేను కోస్తా వైపు నుంచి వచ్చినవాణ్ణి. ఈ విచారణకు వచ్చిన కొత్తలో, శామీర్‌పేట అవతలి పల్లె నుంచి వచ్చే ఒక యువకుడు పూజలో పఠనం చదివాడు. పుస్తకంలో ప్రభువు చెప్పెను అని ఉంటే అతని నోట చెప్పిండు అని వచ్చింది. నేను పీఠం దగ్గర నుంచే, మైకులో, సరిచేశాను. వెనక కొందరు నవ్వారు. ఆ తరువాత రెండేళ్లు అతను పఠనానికి రాలేదు. పూజకు వస్తాడు, చివరి బెంచీలో కూర్చుంటాడు, వెళ్లిపోతాడు. ఒకనాడు వాళ్లమ్మ పాపసంకీర్తన ముగిసిన తరువాత బయట నన్ను ఆపి చెప్పింది. గుడిలో చదువుడు ఆ భాష వచ్చినోళ్లకే అని కొడుకు అంటున్నాడట. ఆ రాత్రి నాకు ఫెర్నాండెజ్ స్వామి గుర్తుకు వచ్చారు. సెమినరీలో సంఘ చరిత్ర పాఠంలో ఆయనను చూసి నవ్వుకున్నవాళ్లలో నేనూ ఒకణ్ణి.

సరే, నోబిలి ఏమి చేశారు? మొదట ఆ ప్రశ్న మార్చారు. తరువాత తననే మార్చుకున్నారు. ప్రొవిన్షియల్ లాయెర్సియో స్వామి అనుమతితో నల్ల అంగీ విడిచి కాషాయం కట్టారు. కాళ్లకు పావుకోళ్లు, నుదుట గంధం. మాంసం, చేప, మద్యం పూర్తిగా మానేసి, రోజుకు ఒక్క పూట అన్నం కూరలతో గడిపారు. బ్రాహ్మణ వంటవాణ్ణి పెట్టుకుని వేరే ఇంట్లో కాపురం పెట్టారు. తాను పరంగిని కాదనీ, వారి దేశంలో పుట్టలేదనీ, రోమాపురిలో రాజులతో సమానమైన వంశంలో పుట్టి చిన్నతనంలోనే సన్యసించిన వాడిననీ తాటాకు మీద రాయించి ఇంటి ముందు పెట్టించారు. జనం రావడం మొదలైంది. ఒక శైవ బడిపంతులు రోజుల తరబడి కూర్చుని వాదించి వాదించి చివరకు జ్ఞానస్నానం అడిగాడు. నగరం నుంచి వచ్చిన మొదటి విశ్వాసి ఆయనే. పిలక తీయమనలేదు, జంధ్యం తెంపమనలేదు, ఊరి పేరు ఇంటి పేరు విడవమనలేదు.

ఇక్కడ ఆగి అడగవలసిన ప్రశ్న ఒకటుంది. తెల్లని మేనితో ఐరోపా నుంచి వచ్చిన మనిషి నేను పరంగిని కానని చెప్పడం అబద్ధం కాదా? సెమినరీలో మేము మూడేళ్లు తర్కం చదువుకున్నది ఇలాంటి చోటనే పనికి వస్తుంది. ఒకే మాటను ఇద్దరు రెండు అర్థాల్లో వాడుతుంటే, మొదట ఏ అర్థమో తేల్చుకోవాలి. పరంగి అంటే పడమటి దేశస్థుడు అని అయితే నోబిలి ముమ్మాటికీ పరంగియే. పరంగి అంటే మధుర వీధిలో అనుకునే తిండి, తాగుడు, శుచి లేని బతుకు అని అయితే ఆయన కారు. ఆయన సమాధానం వినేవారి అర్థానికి సరిపోతుంది. కాని అదే మాటను ఫెర్నాండెజ్ స్వామి చెవితో వినండి. తోటి గురువు, అదే సభ వాడు, పైగా ఇటలీ గొప్పింటి బిడ్డ, నేను మీ వాణ్ణి కాదని ఊరంతా చాటుతున్నాడు. పరవల చెవితో కూడా వినండి. మా తాతలు ఒప్పుకుని చేరిన కులాన్ని ఈ స్వామి అంటరానిదన్నట్టు దూరం పెడుతున్నాడు. ఒకరికి తలుపు తెరిచిన మాట మరొకరి ముఖం మీద తలుపు వేసింది. తర్కం దీన్ని పరిష్కరించలేదు.

ఫెర్నాండెజ్ స్వామి 1610లో పెద్దలకు ఫిర్యాదు రాశారు. పంచాయితీ గోవాకు, అక్కడి నుంచి రోముకు చేరింది. చుట్టం విగ్రహారాధకుల్లో కలిసిపోయాడన్న వదంతి విని బెల్లార్మిన్ గారు ఎంతో బాధపడి జాబు రాశారు. నోబిలి వివరణ అందిన తరువాత గానీ ఆయన మనసు కుదుటపడలేదు. 1619లో గోవాలో అగ్రపీఠాధిపతుల సమక్షంలో విచారణ జరిగింది. జంధ్యం మతచిహ్నమా, వంశచిహ్నమా? గంధం పూజకా, అలంకారానికా? శిఖ ఎవరిది? నోబిలి సంస్కృత గ్రంథాలు చూపించి వాదించారు. సభలో ఎక్కువమంది ఆయనకు వ్యతిరేకులు. చివరకు 1623 జనవరి 31న పదిహేనవ గ్రెగరీ జగద్గురువులు ఒక శాసనపత్రం ద్వారా, మూఢనమ్మకం లేకుండా పాటించే పక్షంలో జంధ్యం, శిఖ, గంధం, స్నానాలు క్రైస్తవులకు ఉండవచ్చునని అనుమతించారు. గొప్ప కులాల వారు పేద విశ్వాసులను తక్కువగా చూడరాదని కూడా అదే పత్రంలో బతిమాలారు. మొదటి భాగం అందరూ చదివారు. రెండో భాగం ఎంతమంది చదివారో!

వేషం కంటే నాకు ఎక్కువ నచ్చేది నోబిలి మాటల పని. అంతకు ముందు తీరంలో పూజను పోర్చుగీసు మాటతో మిస్సా అనేవారు. తమిళుని చెవికి అది మీసంలా వినబడుతుంది! నోబిలి అటువంటి అరువు మాటలు పక్కన పెట్టి, ఊరివారి నోట ఉన్న మాటలనే ఏరి తెచ్చారు. సర్వేశ్వరుడు, గురువు, పూజ, జ్ఞానస్నానం. ఆదివారం మనం అలవాటుగా పలికే ఈ మాటలు వింటే ఎక్కడి నుంచి వచ్చాయో అని ఆలోచిస్తామా? ఆ మధుర మిషను సంప్రదాయం నుంచే కర్ణాటక మిషను గురువుల ద్వారా మన తెలుగు నాటికి ఎన్నో పేర్లు నడిచి వచ్చాయి. పేతురు అంటే రాయి కనుక రాయప్ప. పౌలు అంటే చిన్నవాడు కనుక చిన్నప్ప. ఇగ్నాసియువారు ఇన్నయ్య అయ్యారు, శౌరివారి పేరున శౌరయ్యలు, శౌరమ్మలు. విచిత్రం ఏమిటంటే, పరంగి పేరు కాకూడదని పెట్టుకున్న ఈ పేర్లే ఈనాడు చాయ్ కొట్టులో మనల్ని పట్టిస్తున్నాయి.

పేరు గురించి ఇంకో మాట. మన విచారణలలో సర్టిఫికెట్టులో ఒక పేరు, జ్ఞానస్నాన పుస్తకంలో ఒక పేరు ఉన్న కుటుంబాలు ఎన్నో ఉన్నాయని మీకూ తెలుసు, నాకూ తెలుసు. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం క్రైస్తవుడైన దళితుడికి షెడ్యూల్డు కులపు హోదా ఉండదు. మన రాష్ట్రంలో బి.సి.-సి కింద లెక్క. చదువుకునే పిల్లవాడికి స్కాలర్‌షిప్పు కావాలంటే ఏ పేరు చెప్పాలి, ఏ మతం రాయాలి? దరఖాస్తు మీద కలం పెట్టిన తల్లి ఎదుట నిలిచిన ప్రశ్న ఫెర్నాండెజ్ స్వామి అడిగించిన ప్రశ్నకు తలకిందుల రూపం. ఆ తల్లిని అబద్ధికురాలు అనేవారు ఒక్కసారి నోబిలి తాటాకు గుర్తు తెచ్చుకోవాలి. మేడ్చల్ పారిశ్రామికవాడలో పనిచేసే జార్ఖండు, ఒడిశా పిల్లలు కూడా పూజకు వస్తున్నారు. వారిలో కొందరికి షెడ్డులో ఒక పేరు, గుడిలో ఒక పేరు. మేస్త్రికి నోరు తిరగదని మార్చుకున్నామంటారు. అసలు కారణం నేను గుచ్చి గుచ్చి అడగను.

ఇప్పుడు చెప్పడానికి కష్టమైన భాగం. నోబిలి పరంగి గోడను పగలగొట్టారు. కాని కులం గోడకు మాత్రం సున్నం కొట్టారు. బ్రాహ్మణులు, నాయకులు తన దగ్గరకు రావాలంటే తక్కువ కులాలుగా ఎంచబడిన వారు తన వాకిట్లో కనిపించకూడదు. కనుక వారికి వేరే గుడి, వేరే గురువు. ఫెర్నాండెజ్ స్వామిని కూడా పగటిపూట బాహాటంగా కలవడం మానుకున్నారు. కులం మతానికి సంబంధించినది కాదు, కేవలం లోకాచారం, మన దేశంలో దొరలు, కూలీలు ఉన్నట్టే అని ఆయన నమ్మారు. గొప్పింట పుట్టినవాడికి అది సహజంగానే తోచి ఉంటుంది. మన విచారణలలో ఎక్కువ మంది తాతముత్తాతలను అడిగి ఉంటే ఇంకో సమాధానం వచ్చేది. ఆ తేడా తరువాతి కాలంలో గుడి లోపలికే వచ్చింది. తిరునెల్వేలి వైపు వడక్కన్‌కుళం గుడిలో కులాల మధ్య కట్టిన అడ్డుగోడ కూలడానికి 20వ శతాబ్దం రావలసి వచ్చింది. అంత దూరం ఎందుకు, నేను చిన్న గురువుగా పనిచేసిన ఒక ఊళ్లో సమాధుల దొడ్డిలో ఎవరి వరుస వారిదే. నేను అడిగితే పెద్దలు ఆనవాయితీ అన్నారు. ఆ రెండేళ్లలో నేను దాన్ని మార్చలేకపోయాను.

ఈ లోపాన్ని నోబిలి సహచరులే మొదట గమనించారని చెప్పాలి. 1640లో బల్తజార్ ద కోస్తా స్వామి పండారం వేషం కట్టారు. పండారాలంటే బ్రాహ్మణేతర శైవ సన్యాసులు. అన్ని కులాల వారి దగ్గరకూ వెళ్లవచ్చు, ఎవరికీ అభ్యంతరం లేదు. ఆ తరువాత నోబిలి పద్ధతి కంటే పండార స్వాముల పద్ధతే విస్తరించింది. విశ్వాసుల సంఖ్య పెరిగింది కూడా వారి చేతి మీదుగానే. 1693లో ఓరియూరులో ప్రాణమిచ్చిన పునీత జాన్ డి బ్రిటో అదే వేషంలో తిరిగినవారు. నోబిలి వారిని వద్దనలేదు. తాను పెట్టిన దారి ఒక్కటే దారి అని పట్టుబట్టలేదు. ఆయనలో నాకు అన్నిటికంటే గొప్పగా కనిపించేది ఇదే.

ఆయన చివరి ఏళ్లు సుఖంగా గడవలేదు. తిరుమల నాయకుని కాలంలో మొదట ఆదరణ దొరికినా, 1640లో మధురలో చెరసాల పాలయ్యారు. ఎంత పరంగిని కానని చెప్పినా, పోర్చుగీసు వారితో తగవు వచ్చినప్పుడు ఊరివారి కంటికి ఆయనా పరంగియే. కళ్లు మసకబారాయి. తిరుచిరాపల్లి, సేలం వైపు తిరిగిన కాళ్లు ఇక కదలలేకపోయాయి. పెద్దలు ఆయనను మొదట యాళ్పాణానికి, తరువాత మైలాపూరుకు పంపారు. మైలాపూరు అంటే సాంథోం, పోర్చుగీసుల పట్టణం. కోట, ఫిరంగులు, పడమటి వంటల వాసనలు. తోటి గురువులు మఠంలో గది ఇస్తామన్నా ఆయన పట్టణం బయట మట్టి గుడిసె వేసుకుని, మధుర నుంచి వెంట వచ్చిన కొద్దిమంది బ్రాహ్మణ శిష్యులతో ఉన్నారు. తిండి అదే, ఆకు కూరలు, ఒక్క పూట. చూపు లేకపోయినా తన తమిళ గ్రంథాలను చెప్పి రాయించుకుంటూ, దిద్దించుకుంటూ ఉండేవారు.

ఇక్కడ నాకు ఒక సంగతి తోస్తుంది. చుట్టూ తన రంగువారే ఉన్న ఊళ్లో, ఎవరినీ ఒప్పించవలసిన పని లేని చోట కూడా, ఆయన కాషాయం విడవలేదు, మాంసం ముట్టలేదు. అది మొదట్లో ఎత్తుగడగా మొదలై ఉండవచ్చు. నలభై ఏళ్ల తరువాత అది వేషం కాదు, ఆయన బతుకు అయిపోయింది.

మన పల్లె యువకుని సంగతి చెప్పకుండా వదిలేస్తే మీరు ఊరుకోరు. నేను వాళ్ల ఇంటికి వెళ్లాను. క్షమించమని అడగడానికి వెళ్లిన గురువుకు వాళ్లమ్మ చాయ్ పెట్టి, నన్ను మాట్లాడనివ్వకుండా పొలం సంగతులు చెప్పింది. అబ్బాయి పఠనం చదవడానికి ఇప్పటికీ ఒప్పుకోలేదు. విశ్వాసుల ప్రార్థన మాత్రం తానే రాసుకుని తన మాటల్లోనే చెబుతున్నాడు. చెరువు నిండాలనీ, ధరలు రావాలనీ, కంపెనీల చేసే పిల్లలు సల్లగ ఇంటికి రావాలనీ. గుంటూరు వైపు కుటుంబాలు కూడా ఇప్పుడు దానికి గట్టిగానే జవాబు చెబుతున్నాయి.

నోబిలి స్వామి 1656 జనవరి 16న ఆ మైలాపూరు గుడిసెలోనే కన్నుమూశారు. వయసు 78. మన దేశంలో గడిపినవి 50 ఏళ్లు. పుట్టిన ఊరికి ఒక్కసారి కూడా తిరిగి వెళ్లలేదు.